పంటిగాట్లు

"అది తినేది కాదన్నా" అని నవ్వాడు కొట్లో కుర్రాడు.
స్టోన్‌హౌస్‌పేటలో, మధ్యాహ్నం మూడింటికి,
చేతికిచ్చిన టార్చిని
చూసుకోకుండా పళ్ళ మధ్య పెట్టేసుకున్నా.
పద్నాలుగేళ్ళుగా
నా కుడి దవడే నాకు లైటు స్తంభం.

పాతది సంచిలోంచి తీసి బల్లమీద పెట్టా.
రబ్బరు మీద గాట్లు చూడు అబ్బయా,
ఇది అల్లూరులో గేరుబాక్సు పగిలిన రాత్రిది,
ఇది ఇసకపల్లిలో వానలో మోటారు మార్చినప్పటిది.
ఆ లోతైంది
తర్వాత చెప్తా.

వాడు ల్యూమెన్లు చెప్పాడు.
వెయ్యి, రెండు వేలు,
అవతలి గట్టున కొంగ కన్ను కనపడద్దన్నాడు.
కొంగ కన్నుతో నాకేం పని?
నా పనంతా జానెడు దూరంలో,
బేరింగుకీ షాఫ్టుకీ మధ్య వెంట్రుకంత సందులో.

నెత్తికి కట్టుకునేది చూపించాడు.
రొయ్యల చెరువు మీద రాత్రి
పురుగంతా కనుబొమల్లో కాపరం పెడద్ది.
ఎవరన్నా పిలిస్తే తలతిప్పానా,
వాళ్ళ కళ్ళు పోతాయి, నా పని చీకటౌద్ది.
తీసి పక్కన పెట్టా.

అడుగున అయస్కాంతం ఉన్నదాన్ని
స్టీలు గ్లాసుకి అంటించబోతే జారిపడింది.
నాకు తెలుసు, ఏరియేటరు ఫ్రేముకీ అంటదు.
మోటారు ఒంటికి అంటద్ది, అది ఇనుము.
ఫ్రేముకైతే కొక్కెం కావాలి.
రెండూ ఉన్నది తియ్యమన్నా.

నడుమెత్తు నుంచి గచ్చు మీదకి వదిలా.
ఓనరు లేచి నిలబడ్డాడు.
వెలుగుతూనే ఉంది.
నీళ్ళల్లో ముంచుకో అన్నాడు వాడు, బాటిలు చూపిస్తూ.
మంచినీళ్ళు ఎవరికి కావాలి,
నేను తెచ్చుకున్న సీసా మూత తీశా:
మా చెరువు నీళ్ళు, ఉప్పూ బురదా వాసనా అన్నీ ఉన్నవి.
ఛార్జింగు సందు మీద రబ్బరు మూత
గోటితో లాగితేగానీ రాలా.
సన్న వెలుగులో పది గంటలంట.
కరెంటు పోయిన రాత్రే గదా నాకు పిలుపొచ్చేది.

రెండువేల మూడొందలు.
"టార్చికి ఇంత పరీక్షా?" అన్నాడు ఓనరు.

అప్పుడు చెప్పా లోతు గాటు సంగతి.
నీళ్ళల్లో గాలి చాలక వెనామి మొత్తం పైకి తేలి
నోళ్ళు తెరిచిన రాత్రి.
ఎడమ చెయ్యి రెక్కల మధ్య ఉంది.
కాపలా శీనయ్య, పాపం తొందర మనిషి,
కరెంటొచ్చిందని పెట్టె దగ్గరికి నడిచాడు.
చూస్తూనే ఉన్నా.
వద్దు, అనాలి.
రెండక్షరాలు.
పళ్ళల్లో టార్చి.
నోరు తెరిస్తే నీళ్ళల్లో పడద్దేమోనని
ఒక్క రెప్పపాటు
ఆలోచించా.
మూడొందల టార్చి.

ఓనరు నా చేతికేసి చూశాడు.
ఉంగరం వేలూ చిటికిన వేలూ
ఒక్కో కణుపు తక్కువ.
వంద తగ్గించాడు. నేను అడగలా.

ఈ రాత్రి మోటారు భుజానికి అంటుకుని
వెలుగు తన పని తాను చేసుకుంటోంది.
స్పానరు ఒక చేత్తో, నట్టు ఇంకో చేత్తో.
నోరు ఖాళీ.
దాంతో ఏం చెయ్యాలో తెలియడం లా.
రెండుసార్లు ఊరికే దగ్గా.
సముద్రం వైపు నుంచి ఉప్పుగాలి పళ్ళకి తగిలింది.

"శీనయ్యా" అని పిలిచా.
"ఏందన్నా!" గట్టు మీద ఉలికిపాటు.
"ఏం లేదు. యాడున్నావా అని."
"పెట్టెకి పదడుగుల దూరంలోనే ఉన్నానన్నా.
చేతులు కట్టుకోనే ఉన్నా."

నట్టు బిగించా.
దవడ ఇంకా దేన్నో కరుచుకునే ఉంది.